ఇద్దరి మాట

రోహిణి కార్తె, ముగింపు

పొద్దున్నే నీళ్ల వరసలో నిలబడ్డాను. ఉప్పు తీసిన నీళ్లు ఈ వారం నుంచి మనిషికి ఒక్క బిందె. నా వెనకాల ఒకావిడ "యూనివర్సిటీ అమ్మగోరు గదా, మీకేటి, రెండిస్తారు" అంది. ఒళ్లు మండిపోయింది. "ఇస్తే రెండోది నీకే పోస్తాను, తీసుకుపో" అన్నాను. యూనివర్సిటీ వాళ్లు నాకు నీళ్లు కాదు కదా, కారుతున్న మా శాఖ కప్పు కూడా బాగు చేయించటం లేదు.

ఆ కప్పు కిందే మా బోర్డు ఇంకా వేలాడుతోంది: సాక్ష్య శాస్త్ర శాఖ. ఒకప్పుడు గదులు చాలక వరండాలో పాఠాలు చెప్పాం. ఇప్పుడు మిగిలింది ఇద్దరం, తవిటయ్య మాస్టారు, నేను. ఆయన చదివింది పర్యావరణం, నేను చదివింది విజ్ఞాన తత్వం. "నాకు బురద తెలుసు. బురద గురించి ఎవులి మాట ఎందుకు నమ్మాలో మా వకుళమ్మకి తెలుసు" అని ఆయన ప్రతి సభలోనూ చెప్పి నవ్వించేవారు. ఇప్పుడు సభలూ లేవు, నవ్వేవాళ్లూ లేరు. పిల్లలెవరైనా వచ్చి చేరుతారా అంటే, ఏడేళ్లు బురదలో కూర్చుని చెవులకు చదువు చెప్పించుకునే ఓపిక ఎవరికుంది?

బిందె దింపుకునేసరికి గుమ్మంలో హరనాథ్ నిలబడి ఉన్నాడు. నీటి మండలి అధికారి, చిన్నవాడు, మర్యాదస్తుడు. ఇలాంటి కబురు ఫోనులో చెప్పడం కుదరదు. ఫోనులో గొంతును ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారు? పెళ్లి పిలుపైనా చావు కబురైనా మనిషే నడిచి రావాలి.

"మేడమ్, పాలరేవు చిత్తడి బీల కావాలని ఈ ఏడాది పైనుంచి గట్టిగా ఒత్తిడి వస్తోంది. అంత పల్లపు నేల ఈ తీరంలో ఇంకెక్కడా లేదు. సముద్రం నీళ్లు తెచ్చి అందులో నింపితే, ఉప్పు తీసే యంత్రాలకు నేరుగా పంపొచ్చు. ఊళ్లో నీళ్లు చాలటం లేదు, మీరూ చూస్తూనే ఉన్నారు. మీరిద్దరూ అందులో గవ్వకప్ప ఉందని సాక్ష్యం చెబితే బీల జోలికి ఎవరూ రారు. చెప్పలేకపోతే పునర్వసు కార్తెలో గొట్టాలు తెరుస్తారు."

"ఏటేటా చెబుతున్నాం కదయ్యా."

"ఈ ఏడు కూడా చెప్పండి మేడమ్, నాకూ అదే కావాలి" అన్నాడు. మజ్జిగ ఇస్తే తాగి వెళ్లాడు. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడనే నా నమ్మకం.

మృగశిర కార్తె, మూడో రోజు

ఈ ఏడాదికి ఇవాళ మొదటిసారి బీలలో కూర్చున్నాం. చినుకు లేదు, కప్ప అరవలేదు, మేమూ చేతులు ఎత్తలేదు.

మా కూర్చునే పద్ధతి తెలియనివాళ్లకు వింతగా ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో ఒక దేశంలో, లేని పులుల్ని ఏళ్ల తరబడి వీడియోల్లో చూపిస్తూ, వాటి అడవిని తీరిగ్గా నరికేశారు. యంత్రం ఏ బొమ్మనైనా గీస్తుంది, ఏ గొంతునైనా పలుకుతుంది. బొమ్మ, రికార్డు రెండూ పనికిరాకపోతే ఇంక ఉన్నదాన్ని ఉందని ఎలా చెప్పాలి? నా థీసిస్ అదే. పేరు 'ఇద్దరి మాట'. ఒకే చోట, ఒకే వేళ, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, చదువుకున్న ఇద్దరు మనుషులు విడివిడిగా ఒకే మాట చెబితే అది ఉన్నట్టు. తరవాత అదే చట్టమైంది. బీలలో మేం వీపుకు వీపు పెట్టి కూర్చుంటాం. కప్ప అరుపు వినగానే కుడిచెయ్యి ఎత్తాలి. పక్కన అధికారి నిలబడి చూస్తాడు. ఆ ఏడాది మూడుసార్లు ఇద్దరి చేతులూ కలిసి లేస్తే చాలు.

గవ్వకప్ప బొటనవేలి గోరంత ఉంటుంది. బురదలో బురద రంగులో ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు. వాన పడితే మగది అరుస్తుంది, రెండు గాజులు మెల్లిగా తగిలినట్టు. కీచురాయి అరుపుకూ దానికీ తేడా పట్టడానికి నాకే నాలుగు వానాకాలాలు పట్టింది. ఈ బీల తప్ప అది బతికే చోటు ఇంకోటి లేదు. మా వాళ్లు ఒకప్పుడు బురదతో సహా ఎత్తుకెళ్లి వేరే చెరువులో వేసి చూశారు, ఒక్కటీ మిగల్లేదు. ఉప్పునీళ్లు తగిలితే మాత్రం చెప్పేదేముంది?

తిరిగొస్తుంటే గట్టు మీద వెనకనుంచి సైకిలు వచ్చింది. కుర్రది గంట కొడుతూనే ఉంది, మాస్టారు దారి మధ్యలోనే నడుస్తున్నారు. చెయ్యి పట్టి లాగాను.

"ఏటమ్మా, నన్ను బీలలోకి తోసీసినావు?" అని నవ్వారు.

"గంట వినపడలేదా మాస్టారూ?"

"ఏ గంట?"

నేను నవ్వలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ 'ఏ గంట' అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

మృగశిర కార్తె, నడిమధ్య

ఉండబట్టలేక మాస్టారింటికి వెళ్లాను. ఆయన లేరు. గున్నమ్మ వదిన అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. నేనూ కూర్చుని చెయ్యి వేశాను.

"వదినా, మాస్టారికి చెవులు ఎలా ఉన్నాయి?"

"సెవులా? ఓలమ్మీ, ఎప్పుడో పోనాయి. మాట ఇంటాడు. సన్న సప్పుళ్లు ఇనడు. కుక్కరు కూతెట్టి కూతెట్టి పప్పు మాడి సస్తే, పక్క గదిలో ఉండి పలకడు. పిచ్చికలు రాటం మానీసినాయంటాడు. పెరట్లోకి సూడు, ఎన్నున్నాయో."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడేళ్లయ్యుంటాది. సెవి డాక్టరు కాడికి రమ్మంటే కోపం. నువ్వు సెప్పీకు, నన్ను కొరికీగలడు."

నాకు చింతపండు చేతికి అంటుకుపోయింది. మూడేళ్లుగా ఆ బీలలో నా చెయ్యి లేచినప్పుడల్లా ఆయన చెయ్యీ లేచింది. ఒక్కసారి తప్పలేదు. వినపడని మనిషి ఎలా ఎత్తాడు?

"వదినా, ఒకసారి ఇటు రా. నా వీపుకు వీపు ఆనించి కూర్చో. నీకు తోచినప్పుడల్లా కుడిచెయ్యి ఎత్తు."

"ఏటే, ముసిలితనంలో సిన్నపిల్లల ఆట?" అని నవ్వుతూనే కూర్చుంది. నేను కళ్లు మూసుకున్నాను. ఆవిడ చెయ్యి ఎత్తిన ప్రతిసారీ నాకు తెలిసిపోయింది. చెయ్యి కంటే ముందు రెక్క ఎముక కదులుతుంది. అది నా వీపులో దిగుతుంది.

ఇదన్నమాట. మొదట్లో పీటలు గజం ఎడంగా వేసుకునేవాళ్లం. తరవాత బీలలో గట్టినేల తగ్గిపోయి, మిగిలిన దిబ్బ మీద రెండు పీటలు ఆనించి వేయక తప్పలేదు. కళ్లకు కాపలా పెట్టాను, నోటికి కాపలా పెట్టాను. వీపు కూడా మాట్లాడుతుందని ఇంత చదువు చదివినదానికి తట్టలేదు.

ఆయన మోసం చెయ్యలేదు. ఆ మనిషికి మోసం రాదు. కప్ప అరుపు విన్నాననే ఆయన అనుకుంటున్నారు. తీసిన పిక్కల్ని ఒలిచిన చింతపండులోనే పడేశాను.

"ఎందుకలగైపోనావు? కాఫీ ఎట్టమంటావా?" అంది వదిన. వద్దని లేచి వచ్చేశాను.

మృగశిర కార్తె, చివర

మూడు రోజులుగా నాతో నేనే పోట్లాడుతున్నాను. వంట కూడా సరిగా చెయ్యలేదు, అటుకులు నానబెట్టుకు తింటున్నాను.

కప్ప ఉంది. నేను నా చెవులతో వింటున్నాను. ఉన్నదాన్ని ఉందనడం అబద్ధం ఎలా అవుతుంది? కానీ తప్పుడు దారిలో వచ్చిన సరైన జవాబు జ్ఞానం కాదని పాతికేళ్లు పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పిందాన్ని నేనే. పరీక్షలో అలాంటి జవాబుకు సున్నా వేసేదాన్ని. ఒక పిల్ల ఏడ్చినా మార్చలేదు.

పోనీ మాస్టారికి చెప్పేస్తే? మరుక్షణమే తప్పుకుంటారు. ఇంకో సాక్షి ఈ రాష్ట్రంలో లేడు. బీల పోతుంది. చెప్పకపోతే? బీల ఉంటుంది, ఆయన మురిసిపోతారు, కప్ప బతుకుతుంది. పోయేదల్లా నా చదువు ఒక్కటే. దానికి ఇప్పుడు గిరాకీ ఎక్కడ ఏడ్చిందని?

అడకత్తెరలో పోకచెక్క నేనే, కత్తెర పట్టుకున్నదీ నేనే. చెప్పకూడదనే నిశ్చయించుకున్నాను. 

ఆరుద్ర కార్తె, రెండో రోజు

ఆరుద్ర వాన అదను వాన అంటారు. పొద్దున్న పట్టింది. హరనాథ్ గొడుగుతో, మాస్టారు తలమీద గోనెసంచితో, నేను పీటలతో దిబ్బ మీదికి చేరాం. నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. జమ్ము పచ్చగా లేచింది. వాన వాసనకు మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"ఇయాళ తప్పకుండా అరస్తాదమ్మా. గాలి సూడు, తూరుపు తిరిగింది."

వీపులు ఆనించి కూర్చున్నాం. ఆయన వెచ్చదనం తడి చీరలోంచి తెలుస్తోంది. ముందు మామూలు కప్పలు మొదలెట్టాయి, ఆపైన కీచురాళ్లు. కాసేపటికి జమ్ములోంచి, సన్నగా, అదిగో.

చెయ్యి ఎత్తాను. "రెండూ" అన్నాడు హరనాథ్.

రెండోసారి అరిచింది. ఎత్తాను. "రెండూ."

 ఇంకొక్కటి. ఒక్కటంటే ఒక్కటి. భయం ఎంత పని చేయిస్తుందో! ఆయనకు అందకపోతే ఎలా అనుకున్నాను. మూడోసారి అరవగానే చెయ్యి ఎత్తుతూ భుజాన్ని వెనక్కి తోశాను. కావాలనే తోశాను.

"రెండూ" అన్న మాట రాలేదు.

వెనక్కి తిరిగి చూశాను. మాస్టారి చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. ఆయన నా వైపు తిరిగి, నా భుజం చూసి, నా ముఖం చూశారు. వాన కణతల మీంచి కారిపోతోంది.

"ఇప్పుడు అరిసిందా?"

"అరిచింది మాస్టారూ."

"నాకు నువ్వు తగిలినావు. అరుపు తగల్లేదు." కాసేపు నీళ్లలోకి చూశారు. "ఆ ముందు రెండుసార్లు కూడా అంతేనేటి?"

అవునని తల దించుకున్నాను. 

"మాస్టారూ, రెండు అయిపోయాయి, ఇంకొక్కటే కదా. మళ్లీ కూర్చోండి. నేనేమీ చూడలేదు" అన్నాడు హరనాథ్. పాపం, బతిమాలినట్టే అన్నాడు.

"నీకు ఇనిపించిందా బావూ?"

"ఏదో వినపడింది. కప్పో కీచురాయో నాకేం తెలుసు మాస్టారూ?"

"అదీ సంగతి. నాకు అది కూడా ఇనపళ్లేదు." ఆయన లేచి నిలబడ్డారు. "రాసుకో. ఈ ఏడు నాను ఇన్లేదు. పోయినేడూ, ఆ ముందేడూ, ఆ ముందేడూ కూడా ఇన్లేదు. అయ్యన్నీ కొట్టీయండి."

"పాతవి ఎవరు అడిగారు మాస్టారూ?" అని అరిచాను. నా గొంతు నాకే కర్ణకఠోరంగా వినిపించింది. ఆయన అప్పటికే నీళ్లలో దిగి గట్టు వైపు నడుస్తున్నారు. పీటలు నేనూ హరనాథూ మోసుకొచ్చాం. మా వెనక కప్ప మళ్లీ అరిచింది, ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆరుద్ర కార్తె, అయిదో రోజు

మాస్టారింటికి వెళ్లి నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఆయన వసారాలో ఉన్నారు. వదిన లోపలికి పొమ్మని సైగ చేసి తను పెరట్లోకి వెళ్లిపోయింది.

"మీకేం, నిజాయితీ దక్కించుకున్నారు. కప్ప మాటేమిటి? అది ఉంది. నేను విన్నాను. ఉన్నదాన్ని ఉందనడానికి మీకు చెయ్యెందుకు లేవలేదు?"

"నువ్వు ఇన్నావు. నాను ఇన్లేదు."

"నా మాట నమ్మరా?"

"నమ్ముతాను. నీ మాట మీద నా పేనం పెట్టమంటే పెట్టీగలను. గానీ నమ్మినోడు సాచ్చి కాడు గదమ్మా. అది నువ్వే గదా సెప్పినావు."

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన నొచ్చుకున్నట్టు కనపడలేదు. కుర్చీ ఇటు లాక్కోమన్నారు.

"కూకో. ఊరోళ్లు మన మాట ఎందుకు ఇన్నారు? నత్తకొంగలు పోనాయని సెప్పింది మనమే. ఆ దినం మనిద్దరం సెయ్యి ఎత్తకండా పొద్దల్లా కూకున్నాం. నువ్వు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. లేనిదాన్ని నేదని సెప్పినాం గనకే, ఉన్నదాన్ని ఉందంటే నమ్మినారు. ఒక కప్ప కోసం ఆ మాట పాడు సేసుకుంటే, రేపు ఇంకో సోట ఉన్నదాన్ని ఎవులు నిలబెడతారు?"

"ఇంకో చోట కూర్చోవడానికి మనిద్దరం తప్ప ఎవరున్నారు మాస్టారూ?"

ఆయన పంచె అంచు చేత్తో నలుపుతూ కూర్చున్నారు. నేనెప్పుడూ ఆయన్ని వాదనలో గెలవలేదు. ఇవాళ గెలిచాను. గెలిచినందుకు ఏడుపొచ్చింది.

"ఓ మాట సెప్పు" అన్నారు చివరికి. "మూడేళ్లుగా ఆ గాజుల సప్పుడు... నాను ఇన్నది నీ ఈపునేనా?"

తల ఊపాను.

"నిజంగా ఇన్నట్టే ఉండేదమ్మా. లోపల మోగేది. ఇంటికొచ్చి గున్నమ్మకి సెప్పీవోడిని, ఇయాళ బాగా అరిసిందే అని. అది ఆఖరుసారి నిజంగా ఎప్పుడు ఇన్నానో ఏటో. తెలిసుంటే కాసేపు ఎక్కువ కూకునేవోడిని."

నేను ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయాను. భుజం తోసినందుకు క్షమించమన్నాను. "కప్ప కోసం తోసినావు. నా కోసం కాదు గదా, పోనీ" అని నా తల మీద చెయ్యి వేశారు. ఆ 'పోనీ' నన్ను నిద్రపోనిచ్చేలా లేదు.

ఆరుద్ర కార్తె, ఆఖరు

శాఖ బోర్డు దింపడానికి మనుషులొచ్చారు. మా సాక్షి పట్టాలు రద్దయ్యాయని కబురు చెప్పడానికి కూడా హరనాథే నడిచొచ్చాడు. "మీ రూలే మేడమ్, ఒక సాక్ష్యం వెనక్కి పోతే ఆ సాక్షితో కూర్చున్న రెండో సాక్షి కూడా ఆగిపోవాలట" అన్నాడు. అవును, నా రూలే. ఆ వాక్యం రాసిన రోజు ఎంత పొంగిపోయానో! ఇద్దరు కూడబలుక్కుంటే ఇద్దరికీ శిక్ష ఉండాలన్నాను. మా గురువుగారు శాలువా కప్పారు.

ఊళ్లో మాత్రం సంతోషంగా ఉన్నారు. వచ్చే నెల నుంచి మనిషికి మూడు బిందెలట. వరసలో నా వెనకావిడ "సల్లగా ఉండండి తల్లీ" అంది. మేమే దయతలచి బీలను వదిలేశామనుకుంది కాబోలు. ఆవిడింట్లో చంటిపిల్ల ఉంది. ఆ పిల్ల దాహం కూడా నిజమే, దాన్ని ఏ సాక్షీ చెప్పక్కర్లేదు. ఏం అనగలను? బిందె ఎత్తుకుని వచ్చేశాను.

పునర్వసు కార్తె

గొట్టాలు తెరిచి నాలుగు రోజులైంది. వెళ్లకూడదనుకున్నాను. మాస్టారే కబురు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, వదిన కట్టిచ్చిన పులిహోర పొట్లంతో. "పద" అన్నారు. వెళ్లాం.

సన్నగా వాన పడుతోంది. గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నాం. సముద్రం నీళ్లు జమ్ము నడుముల దాకా వచ్చాయి, చివర్లు అప్పుడే ఎర్రబడుతున్నాయి. మా దిబ్బ మునిగిపోయింది. మామూలు కప్పలు గట్టెక్కి రోడ్డు మీదికి పోతున్నాయి. గవ్వకప్పలు బురద వదిలి రావు, వాటికి ఆ అలవాటు లేదు. పులిహోర పొట్లం విప్పలేదు.

చాలాసేపటికి మాస్టారు నా వైపు చూశారు.

"అరస్తన్నాదా అమ్మా?"

విన్నాను. చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి, ఇన్నేళ్లు నేర్చుకున్నదంతా పెట్టి విన్నాను. వాన చప్పుడుంది. గొట్టాల హోరుంది. గట్టు పక్కన ఒక కీచురాయి ఉంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అరుస్తోంది మాస్టారూ అంటే ఆ ముసలి ప్రాణం ఎంత సంతోషించేదో! ఎవరూ అడగరు, ఎవరూ పట్టుకోలేరు. ఆయన కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి.

"లేదు మాస్టారూ. వినపడటం లేదు."

ఆయన మెల్లిగా తల ఊపారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"నాకూ ఇనపడ్డం నేదు" అన్నారు. "ఇద్దరం ఇడివిడిగా ఒకటే మాట సెప్పినాం. ఇంక రాసీవచ్చమ్మా."

ఇంటికొచ్చి రాశాను.